ఎన్‌హాన్సర్‌ను కట్టి పరీక్షించడం ఎలా? జన్యు నియంత్రణ అధ్యయనంలో సింథటిక్ బయాలజీ పద్ధతి

ఎన్‌హాన్సర్ అనేది తాను ఏ ప్రొటీన్‌కూ సంకేతం కాకపోయినా, ఒక జన్యువు ఏ కణంలో, ఏ దశలో, ఎంత మోతాదులో పనిచేయాలో నిర్దేశించే చిన్న డీఎన్‌ఏ భాగం. 1981లో జ్యూరిక్‌లోని వాల్టర్ షాఫ్నర్ బృందం ఎస్‌వీ40 వైరస్‌లోని 72 అక్షరాల (డీఎన్‌ఏ క్షారాల) పునరావృత భాగాన్ని కుందేలు బీటా గ్లోబిన్ జన్యువుకు జోడించి హేలా అనే మానవ కణాల్లో పెట్టినప్పుడు, ఆ జన్యువు వ్యక్తీకరణ సుమారు 200 రెట్లు పెరిగింది. ఆ భాగాన్ని తలకిందులుగా పెట్టినా, జన్యువుకు వేల అక్షరాల దూరంలో పెట్టినా దాని ప్రభావం పోలేదు. ఆ తరువాత తెలిసిన ఉదాహరణలు మరింత దూరానివి. చేతివేళ్ల నిర్మాణాన్ని శాసించే సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువుకు దాదాపు పది లక్షల అక్షరాల దూరంలో, వేరొక జన్యువు లోపల జడ్‌ఆర్‌ఎస్ అనే ఎన్‌హాన్సర్ ఉంది. అందులో ఒక్క అక్షరం మారినా బొటనవేలి వైపు అదనపు వేలు ఏర్పడవచ్చు.

ఇలాంటి భాగాలను అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా వాటిని తొలగించి లేదా చెడగొట్టి చూశారు. ఆ పద్ధతి విలువైనదే. సికిల్ సెల్ వ్యాధికి 2023 నవంబరులో బ్రిటన్ మొదటగా ఆమోదించిన క్యాస్జెవీ చికిత్స, గర్భస్థ హిమోగ్లోబిన్‌ను అణచే బీసీఎల్11ఏ జన్యువుకు ఎర్ర రక్తకణ వంశంలో పనిచేసే ఎన్‌హాన్సర్‌లోని ఒక గాటా స్థానాన్ని (గాటా కుటుంబ ప్రొటీన్లు కూర్చునే చోటును) క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తెంచడంపైనే ఆధారపడి ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాలను పీడించే వ్యాధి కనుక ఆ ఫలితం మనకు దూరపు వార్త కాదు. అయితే తొలగించి చూసినప్పుడు ఏ భాగం అవసరమో మాత్రమే తెలుస్తుంది. ఏయే భాగాలు కలిస్తే సరిపోతుందో తెలియదు. అది తెలియాలంటే ఎన్‌హాన్సర్‌ను మొదటి అక్షరం నుంచి మనమే రాసి, కట్టి, కణంలో పెట్టి చూడాలి. సింథటిక్ బయాలజీ మన చేతికిచ్చిన అవకాశం అదే.

మాలిక్యులర్ బయాలజీ ప్రాథమికాంశాలు తెలిసి, ఈ పనిని మొదటిసారి చేపట్టబోయే పరిశోధక విద్యార్థులను ఉద్దేశించి కింది దశలను రాస్తున్నాను. ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే: ఎర్ర రక్తకణ లక్షణాలున్న కే562 అనే మానవ లుకేమియా కణశ్రేణిలో, గాటా1, టాల్1 అనే రెండు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు (డీఎన్‌ఏకు అతుక్కొని జన్యువులను నియంత్రించే ప్రొటీన్లు) కూర్చునే చోట్ల అమరిక వ్యక్తీకరణను ఎలా మారుస్తుందో పరీక్షించడం.

మొదటి దశ: ఒక్క ప్రశ్నను ఎంచుకోండి

“ఈ ఎన్‌హాన్సర్ ఎలా పనిచేస్తుంది?” అన్నది ప్రయోగానికి పనికొచ్చే ప్రశ్న కాదు. ఫ్యాక్టర్లు కూర్చునే చోట్ల సంఖ్య, వాటి మధ్య దూరం, వాటి దిశ, వాటి వరుస, వాటి చుట్టూ ఉన్న అక్షరాలు, ప్రమోటర్ (జన్యువును చదవడం మొదలయ్యే చోటు) నుంచి దూరం అనే అంశాలలో దేనిని మారుస్తారో, దేనిని కదలకుండా ఉంచుతారో ముందే రాసుకోండి. మన ఉదాహరణలో మారేవి దూరం, దిశ మాత్రమే.

ఈ ప్రశ్న వెనుక పాత వాదం ఒకటి ఉంది. ఇంటర్‌ఫెరాన్ బీటా ఎన్‌హాన్సర్‌లో సుమారు 55 అక్షరాల నిడివిలో అనేక ఫ్యాక్టర్లు ఒకదానికొకటి ఆనుకొని బిగుతుగా కూర్చుంటాయి. అక్కడ అమరిక చెదిరితే పని చెదురుతుంది. దీనిని ఎన్‌హాన్సియోజోమ్ నమూనా అంటారు. దీనికి భిన్నంగా, చోట్లు ఉన్నంతవరకు వాటి అమరిక కొంత అటూ ఇటూ అయినా ఫర్వాలేదనేది బిల్‌బోర్డ్ నమూనా. చాలా ఎన్‌హాన్సర్లు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటాయి. మీ ప్రయోగం మీ ఎన్‌హాన్సర్ ఎక్కడుందో చెప్పగలగాలి.

ప్రశ్నతో పాటు ప్రతి నమూనా ప్రకారం రావలసిన ఫలితాన్ని కూడా రాసి పెట్టండి. డీఎన్‌ఏ మెలిక దాదాపు 10.5 అక్షరాలకు ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, రెండు ప్రొటీన్లు ఒకే ముఖాన ఉండటం అవసరమైతే దూరం పెరుగుతున్న కొద్దీ వ్యక్తీకరణ ఆ వ్యవధితో పెరుగుతూ తగ్గుతూ కనిపించాలి. బిగుతైన కలయిక అవసరమైతే ఒకే దూరం వద్ద శిఖరం రావాలి. టాల్1, గాటా1 సముదాయం తొమ్మిది అక్షరాల దగ్గరి ఎడాన్ని ఇష్టపడుతుందని ముందే తెలుసు కనుక ఆ శిఖరాన్ని అక్కడ వెతకాలి. అమరికకు ప్రాధాన్యం లేకపోతే గీత దాదాపు సమతలంగా ఉండాలి. ఫలితం చూశాక వివరణ వెతుక్కోవడం కంటే ఇది ఎంతో నిజాయితీ గల మార్గం.

రెండవ దశ: అక్షరాలను రాయండి

నా అభిప్రాయంలో ఈ ప్రయోగం నిలబడేదీ, పడిపోయేదీ ఇక్కడే. కనుక ఎక్కువ సమయాన్ని దీనికే కేటాయించండి.

ముందుగా, ఏ ఫ్యాక్టరూ కూర్చోని నేపథ్య వరుస ఒకటి కావాలి. ఇది చెప్పినంత సులభం కాదు. గాటా కుటుంబపు కీలకమైన జీ-ఏ-టీ-ఏ అనే నాలుగక్షరాలు, రెండు పోగులనూ లెక్కిస్తే, ఏ వరుసలోనైనా యాదృచ్ఛికంగానే సగటున 128 అక్షరాలకు ఒకసారి వస్తాయి. అంటే మీరు ఏ ఉద్దేశమూ లేకుండా రాసిన 150 అక్షరాల వరుసలో ఒక గాటా చోటు దాగి ఉండటానికే అవకాశం ఎక్కువ. అందువల్ల జాస్పర్ వంటి మోటిఫ్‌ల (ఫ్యాక్టర్లు గుర్తించే అక్షరాల నమూనాల) సంచయంతో నేపథ్యాన్ని రెండు దిశల్లోనూ వెతికి, బయటపడిన చోట్లను ఒక్కొక్కటిగా మార్చి, మార్చిన తరువాత మళ్లీ వెతకండి. ఒక నేపథ్యంతో తృప్తి పడకండి. కనీసం మూడు వేర్వేరు నేపథ్యాల్లో ఒకే ధోరణి కనిపిస్తేనే అది ఫ్యాక్టర్ల అమరిక వల్ల వచ్చిందని చెప్పవచ్చు.

దూరాన్ని మార్చేటప్పుడు అక్షరాలను మధ్యలో చొప్పించకండి. అలా చేస్తే మొత్తం నిడివీ, ప్రమోటర్ నుంచి దూరమూ కూడా మారిపోతాయి. గాటా చోటును ప్రమోటర్ నుంచి స్థిరమైన దూరంలో ఉంచి, టాల్1 కూర్చునే ఈ-బాక్స్‌ను మాత్రం నేపథ్యంపై జరుపుతూ, అది పడిన చోటి అక్షరాలను దానితో భర్తీ చేయండి. మోటిఫ్, నేపథ్యం కలిసే అతుకుల వద్ద కొత్త మోటిఫ్ పుట్టిందేమో ప్రతి వరుసలోనూ విడిగా చూడాలి.

చోటును చెడగొట్టిన రూపాలను రాసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఒక ఉదాహరణ చూడండి. మీ వరుసలో ఏ-జీ-ఏ-టీ-ఏ-ఏ అనే గాటా చోటుకు ముందు టీ-జీ అనే రెండక్షరాలు ఉన్నాయనుకుందాం. అప్పుడు ఆ భాగం టీ-జీ-ఏ-జీ-ఏ-టీ-ఏ-ఏ అవుతుంది. గాటాను చెడగొట్టడానికి మధ్యలోని ఏ-టీని టీ-సీగా మార్చితే వచ్చేది టీ-జీ-ఏ-జీ-టీ-సీ-ఏ-ఏ. అందులోని మొదటి ఏడక్షరాలు ఏపీ-1 అనే బలమైన ఫ్యాక్టర్ కూర్చునే అచ్చమైన చోటు. కే562 కణాల్లో అలాంటి చోటు బాగా పనిచేస్తుంది కాబట్టి, చెడగొట్టామనుకున్న రూపం అసలు రూపం కంటే ఎక్కువ వ్యక్తీకరణ చూపి, గాటా1 ఆ జన్యువును అణచివేస్తోందనే తప్పుడు నిర్ణయానికి మిమ్మల్ని నడిపిస్తుంది. ప్రతి మార్పునూ కనీసం రెండు వేర్వేరు విధాలుగా రాస్తే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

ఇప్పుడు లెక్క కట్టండి. దూరాలు 4 నుంచి 24 అక్షరాల వరకు 21, దిశలు 2, నేపథ్యాలు 3, కలిపి 126 అమరికలు. ప్రతి అమరికకు రెండు చోట్లూ ఉన్నది, ఈ-బాక్స్ చెడినది, గాటా చెడినది, రెండూ చెడినవి అని నాలుగు రూపాలు ఉండాలి. అప్పుడే రెండు ఫ్యాక్టర్లు కలిసి చేసిన పని, విడివిడిగా చేసిన పనుల కూడిక కంటే ఎక్కువో కాదో తెలుస్తుంది. అంటే 504. పైన చెప్పినట్టు చెడిన రూపాలను రెండు విధాలుగా రాస్తే సంఖ్య ఇంకా పెరుగుతుంది. బడ్జెట్ సరిపోకపోతే ఆ రెండవ విధాన్ని కొన్ని దూరాలకే పరిమితం చేయండి. వీటికి అక్షరాలను కలగాపులగం చేసిన 100 వరుసలనూ, మానవ జీనోమ్‌లోని 20 సహజ ఎన్‌హాన్సర్లనూ జోడిస్తే మొత్తం 624. సహజ ఎన్‌హాన్సర్లలో బీటా గ్లోబిన్ నియంత్రణ ప్రాంతంలోని హెచ్‌ఎస్2 తప్పనిసరిగా ఉండాలి. కే562లో అది గట్టిగా పనిచేస్తుందని దశాబ్దాలుగా తెలుసు. అది వెలగకపోతే మీ ప్రయోగంలో మరేదీ నమ్మదగినది కాదు.

మూడవ దశ: కొలత పద్ధతిని నిర్ణయించండి

సీక్వెన్సింగ్ ఖర్చు భరించలేని ప్రయోగశాల ఆరు నుంచి పది నిర్మాణాలతో డ్యూయల్ లూసిఫరేజ్ పద్ధతిని అనుసరించవచ్చు. కనిష్ఠ ప్రమోటర్ (ఒంటరిగా చాలా బలహీనమైనది) ముందు మీ వరుసను, దాని తరువాత వెలుగునిచ్చే మిణుగురు లూసిఫరేజ్ జన్యువును ఉంచి, ట్రాన్స్‌ఫెక్షన్ (కణాల్లోకి డీఎన్‌ఏను పంపడం) తేడాలను సరిచేయడానికి రెనిల్లా లూసిఫరేజ్ ఉన్న రెండవ ప్లాస్మిడ్‌ను (వలయాకార డీఎన్‌ఏను) కొద్ది మోతాదులో కలపండి. చిన్న ప్రశ్నకు ఇది చాలు. పెద్ద ప్రయోగానికి ముందు మీ నేపథ్యాలు నిజంగా మౌనంగా ఉన్నాయో లేదో పరీక్షించడానికైతే అందరికీ ఇదే మంచిది.

వందల వరుసలను ఒకేసారి కొలవాలంటే ఎంపీఆర్‌ఏ అనే సామూహిక రిపోర్టర్ (ఎన్‌హాన్సర్ పనిని బయటపెట్టే జన్యువు) పరీక్ష చేయాలి. ఇందులో ప్రతి వరుసకూ ఒక బార్‌కోడ్, అంటే 15 నుంచి 20 అక్షరాల గుర్తింపు ముద్ర, జోడిస్తారు. ఆ ముద్ర రిపోర్టర్ జన్యువు చివరి భాగంలో ఉండి ఆర్‌ఎన్‌ఏలోకి నకలవుతుంది కాబట్టి, ఏ ముద్ర ఆర్‌ఎన్‌ఏలో ఎన్నిసార్లు కనిపించిందో లెక్కిస్తే ఏ ఎన్‌హాన్సర్ ఎంత పనిచేసిందో తెలుస్తుంది. 2013లో వియన్నాలో అలెగ్జాండర్ స్టార్క్ బృందం ప్రకటించిన స్టార్-సీక్ పద్ధతిలో వేరే ముద్ర అక్కర్లేదు. ఎన్‌హాన్సర్‌నే ప్రమోటర్ తరువాత ఉంచుతారు కనుక అది తన నకలును తానే పుట్టిస్తుంది. జీనోమ్ మొత్తాన్ని జల్లెడ పట్టడానికి స్టార్-సీక్ బాగుంటుంది గాని, మన ఉదాహరణలో మాదిరిగా అక్షరం అక్షరం మార్చిన పొట్టి వరుసలకు నేను బార్‌కోడ్ పద్ధతినే సిఫారసు చేస్తాను. ఎందుకంటే ఎన్‌హాన్సర్ అక్షరాలే ఆర్‌ఎన్‌ఏలో ఉన్నప్పుడు అవి ఆర్‌ఎన్‌ఏ ఆయుష్షును కూడా మార్చవచ్చు, ఆ ప్రభావాన్ని తరువాత విడదీయడం కష్టం.

బార్‌కోడ్ కూడా నిష్పక్షపాతి కాదు. అందుకే ప్రతి వరుసకు ఒకటి కాక 20 బార్‌కోడ్లు ఇవ్వండి. ఒకే అక్షరం నాలుగైదు సార్లు వరుసగా వచ్చేవాటినీ, మీరు వాడే రెస్ట్రిక్షన్ ఎంజైముల చోట్లు ఉన్నవాటినీ, ఏ-ఏ-టీ-ఏ-ఏ-ఏ అనే ఆర్‌ఎన్‌ఏ ముగింపు సంకేతం ఉన్నవాటినీ తీసివేయండి. ఒక అక్షరం తప్పు చదివినా ఒక బార్‌కోడ్ మరొకటిగా మారకుండా ఉండేందుకు ఏ రెండింటి మధ్యనైనా కనీసం మూడు తేడాలు ఉండాలి.

నాలుగవ దశ: లైబ్రరీని కట్టండి

624 వరుసలకు 20 బార్‌కోడ్ల చొప్పున 12,480 ఒలిగోలు (పొట్టి డీఎన్‌ఏ పోగులు) అవుతాయి. డీఎన్‌ఏ తయారీ సంస్థలు వీటిని ఒకే గుంపుగా, అంటే లైబ్రరీగా, పంపుతాయి. రెండు చివరల ప్రైమర్ చోట్లు, బార్‌కోడ్, ఎంజైమ్ చోట్లు కలుపుకొని మొత్తం 230 అక్షరాల లోపు ఉంచుకుంటే తయారీలో తప్పులు తక్కువగా ఉంటాయి. ముందుగా ఎన్‌హాన్సర్, బార్‌కోడ్ కలిసి ఉన్న ముక్కను ప్లాస్మిడ్‌లో పెట్టి, తరువాత ఆ రెండింటి మధ్య కనిష్ఠ ప్రమోటర్‌ను, రిపోర్టర్ జన్యువును చొప్పిస్తారు.

పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు తీసే ప్రక్రియ) చుట్లు వీలైనంత తక్కువగా ఉంచండి. చుట్లు పెరిగితే సగం పూర్తయిన పోగులు వేరొక వరుసకు అతుక్కొని, ఒకరి బార్‌కోడ్ మరొకరి ఎన్‌హాన్సర్‌కు చేరుతుంది. మన లైబ్రరీలో అన్ని వరుసలూ ఒకే నేపథ్యాల మీద ఉన్నాయి కనుక ఈ ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. బాక్టీరియాలోకి ఎలక్ట్రోపొరేషన్ (విద్యుత్ తాకిడితో డీఎన్‌ఏను లోపలికి పంపడం) చేసినప్పుడు ఒలిగోల సంఖ్యకు కనీసం 100 రెట్లు, అంటే 12 లక్షలకు పైగా కాలనీలు రావాలి. రిపోర్టర్‌ను చొప్పించక ముందే లైబ్రరీని సీక్వెన్సింగ్ చేసి, ప్రతి బార్‌కోడ్ తనదైన ఎన్‌హాన్సర్‌తోనే ఉందో లేదో సరిచూసుకోండి. చొప్పించిన తరువాత ఆ రెండూ దూరమవుతాయి కాబట్టి సరిచూడటం కష్టం.

పని మొదలుపెట్టక ముందు మరొకటి: మన దేశంలో జన్యుమార్పిడి ప్రయోగాలు పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నియమాల పరిధిలోకి వస్తాయి. మీ సంస్థలోని జీవభద్రతా సంఘానికి ప్రయోగ వివరాలు సమర్పించి అనుమతి పొందండి. లెంటివైరస్ (డీఎన్‌ఏను క్రోమోజోముల్లో చేర్చే వైరస్) వాడే ఉద్దేశం ఉంటే దరఖాస్తులోనే ఆ విషయం స్పష్టంగా రాయండి.

ఐదవ దశ: కణాల్లోకి పంపి లెక్కించండి

కే562 కణాలు పాత్రకు అంటుకోకుండా ద్రవంలో తేలుతూ పెరుగుతాయి. వాటికి ఎలక్ట్రోపొరేషన్ బాగా పనిచేస్తుంది. ప్రతి బార్‌కోడ్ కనీసం వంద కణాల్లోకి చేరాలని లక్ష్యం పెట్టుకుని, నష్టాలను కూడా దృష్టిలో ఉంచుకుని, ఒక్కో ఆవృత్తికి (ప్రయోగాన్ని తిరిగి చేసిన ప్రతిసారికి) 50 లక్షల నుంచి కోటి కణాల వరకు వాడండి. ఆవృత్తులు కనీసం మూడు ఉండాలి. ఒకే ఆర్‌ఎన్‌ఏను మూడు గొట్టాల్లో పంచడం ఆవృత్తి కాదు, వేర్వేరు రోజుల్లో పెంచిన కణాల్లోకి విడివిడిగా పంపినదే ఆవృత్తి.

పోల్చడానికి మరొక కణశ్రేణి అవసరం. కాలేయానికి చెందిన హెప్‌జీ2ను ఎంచుకుంటే, అందులో గాటా1 లేకపోయినా దాని బంధువులైన గాటా4, గాటా6 ఉంటాయనే సంగతి మరవకండి. డీఎన్‌ఏ చోటు ఒక కుటుంబాన్ని పిలుస్తుందే గాని అందులోని ఒక్క ప్రొటీన్‌ను పేరుపెట్టి పిలవదు. కనుక ‘ఇది గాటా1 పని’ అని రాయాలంటే, క్రిస్పర్ ఆధారిత అణచివేతతో కే562లో గాటా1ను తగ్గించి, ప్రభావం కూడా తగ్గిందని చూపాలి.

ఒకటి రెండు రోజుల తరువాత కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏను, డీఎన్‌ఏను రెండింటినీ తీయండి. ఆర్‌ఎన్‌ఏలో ప్లాస్మిడ్ అవశేషం ఉంటే అది నేరుగా తప్పుడు సంఖ్యగా మారుతుంది కాబట్టి డీఎన్‌ఏను తుంచే డీఎన్‌ఏజ్‌తో శుభ్రం చేసి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా నకలు చేసే ఎంజైమ్) వేయని నమూనాను పక్కనే నడిపి, అందులో ఏమీ రాలేదని నిర్ధారించుకోండి. తరువాత ప్రతి బార్‌కోడ్‌కు ఆర్‌ఎన్‌ఏ లెక్కను డీఎన్‌ఏ లెక్కతో భాగించి, లాగరిథమ్ తీసి, ఒక వరుసకు చెందిన బార్‌కోడ్ల మధ్యగతాన్ని తీసుకోండి. డీఎన్‌ఏలో చాలా తక్కువసార్లు కనిపించిన బార్‌కోడ్లను ముందే వదిలివేయాలి. ఆవృత్తుల మధ్య పొంతన బలంగా లేకపోతే గణాంక పద్ధతులతో దానిని కప్పిపుచ్చకుండా, కణాల సంఖ్యను పెంచి ప్రయోగాన్ని మళ్లీ చేయండి.

కలగాపులగం వరుసలు కొన్ని గట్టిగా వెలిగితే ఆశ్చర్యపడకండి, కానీ కారణం వెతకండి. మానవ కణాల్లో ప్లాస్మిడ్‌లోని బాక్టీరియా నకలు ఆరంభ స్థానమే ప్రమోటర్‌గా పనిచేయగలదని స్టార్క్ బృందమే 2018లో చూపింది. హేలా వంటి కొన్ని కణశ్రేణుల్లో బయటి డీఎన్‌ఏ ప్రవేశించగానే ఇంటర్‌ఫెరాన్ ప్రతిస్పందన మొదలై, దానికి సంబంధించిన ఎన్‌హాన్సర్లన్నీ లేని బలాన్ని చూపుతాయని కూడా అదే పరిశోధనలో తేలింది.

ఆరవ దశ: ప్లాస్మిడ్ నుంచి క్రోమోజోముకు

ఇంతవరకు మీరు కొలిచింది ప్లాస్మిడ్ మీద, ప్రమోటర్ పక్కనే ఉన్న ఎన్‌హాన్సర్ శక్తిని. సహజ స్థితిలో అది న్యూక్లియోసోముల (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రొటీన్ ఉండల) చుట్టలను తెరవాలి, దూరాన్ని దాటాలి, పొరుగు ఎన్‌హాన్సర్లతో కలిసి పనిచేయాలి. అందువల్ల మొదటి ఫలితాల నుంచి పది పన్నెండు వరుసలను ఎంచుకోండి. బలమైనవాటితో పాటు బలహీనమైనవీ, మీ అంచనాకు విరుద్ధంగా వచ్చినవీ అందులో ఉండాలి. మానవ కణాల్లో 19వ క్రోమోజోముపై ఉన్న ఏఏవీఎస్1 వంటి స్థానంలో బీఎక్స్‌బీ1 రికాంబినేజ్ గుర్తించే వేదికను ఒకసారి నాటుకుంటే, ప్రతి నిర్మాణాన్నీ అదే చోట, కణానికి ఒకే ప్రతిగా ప్రవేశపెట్టవచ్చు. లెంటివైరస్‌తో లైబ్రరీ మొత్తాన్ని క్రోమోజోముల్లో చేర్చడం మరొక మార్గం. అక్కడ ప్రతి నిర్మాణమూ వేర్వేరు చోట్ల పడుతుంది కనుక బార్‌కోడ్ల సంఖ్య ఇంకా పెంచాలి.

ఈ దశ ఎంత ముఖ్యమో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రకటించిన పని చూపుతుంది. ఎలుకలో ఆల్ఫా గ్లోబిన్ జన్యువులను నడిపే సూపర్ ఎన్‌హాన్సర్‌లో (దగ్గరదగ్గరగా ఉన్న నియంత్రణ భాగాల గుంపులో) ఐదు భాగాలున్నాయి. రిపోర్టర్ పరీక్షల్లో ఆర్1, ఆర్2 అనే రెండు మాత్రమే పనిచేస్తాయి. మిగతా మూడూ మౌనంగా ఉంటాయి. ఆ మూడూ అనవసరమని ఎవరైనా అనుకుంటారు. కానీ సూపర్ ఎన్‌హాన్సర్‌ను తిరిగి కట్టి, బలమైన ఆర్2ను ఒంటరిగా ఉంచినప్పుడు అది జన్యువును పూర్తిగా నడపలేకపోయింది. మౌనంగా ఉన్న భాగాలను తిరిగి చేర్చినప్పుడు వ్యక్తీకరణ కోలుకుంది. వాటి స్థానానికి కూడా ప్రాధాన్యం ఉందని తేలింది. వాటికి ఫెసిలిటేటర్లు అని పేరు పెట్టారు. ప్లాస్మిడ్ దగ్గరే ఆగిపోయిన ఏ ప్రయోగానికీ అవి దొరకవు.

దూరం సంగతి తెలుసుకోవాలంటే ఎన్‌హాన్సర్‌నే కదిలించాలి. 2022లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు ఎలుక పిండ మూలకణాల్లో, వేరే ఎన్‌హాన్సర్లు లేని ప్రాంతంలో ఒక రిపోర్టర్‌ను ఉంచి, పిగ్గీబ్యాక్ అనే గెంతే డీఎన్‌ఏ సాయంతో ఒక ఎన్‌హాన్సర్‌ను అనేక దూరాలకు పంపి, ప్రతి చోటా వ్యక్తీకరణను కొలిచారు. ప్రమోటర్‌తో తాకిడి అవకాశం తగ్గిన కొద్దీ వ్యక్తీకరణ తగ్గింది, కానీ సరళరేఖలో తగ్గలేదు. మీరు చిన్న స్థాయిలో చేయదలిస్తే, నాటుకున్న వేదికలో ఎన్‌హాన్సర్‌కూ ప్రమోటర్‌కూ మధ్య 1, 5, 10 వేల అక్షరాల మౌన డీఎన్‌ఏను ఉంచి పోల్చవచ్చు. ఆ మధ్య భాగాన్ని కూడా నేపథ్య వరుసకు పట్టిన జల్లెడే పట్టాలి.

చివరిగా, ప్రతి ఒలిగో పూర్తి అక్షరాలు, దాని బార్‌కోడ్లు, దాని ముడి లెక్కలు, దానిని ఏ ఉద్దేశంతో రాశారు అన్న ఒక పంక్తి, ఇవన్నీ ఉన్న పట్టికను ఫలితాలతో పాటే బయటపెట్టండి. పనిచేయని వరుసలను అందులోంచి తీసివేయకండి. 2024 నాటికే ఈగ పిండాల్లోనూ, మానవ కణాల్లోనూ యంత్రాభ్యాసంతో కోరిన కణజాలానికి తగ్గట్టు ఎన్‌హాన్సర్లను రాసిన పరిశోధనలు వెలువడ్డాయి. అటువంటి నమూనాలకు శిక్షణ ఇవ్వడానికి వెలిగిన వరుసలు ఎంత అవసరమో, వెలగనివి కూడా అంతే అవసరం.